ఇంజినీరింగ్ చదువుకు కొండలు చూసి విశ్వవిద్యాలయం ఎంచుకోవచ్చా?

శిఖరయాత్రి:
మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరబోతున్నాను. అమెరికాలో నాలుగు చోట్ల సీటు వచ్చింది. ర్యాంకుల్లో అన్నిటికంటే పైనున్నది చదునైన మైదానంలో ఉంది. చుట్టూ ఎంత దూరం చూసినా గుట్ట అన్నది లేదు. మిగతా మూడూ కొండల చెంతనే ఉన్నాయి: గోల్డెన్‌లోని కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్, బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం, సాల్ట్ లేక్ సిటీలోని యూటా విశ్వవిద్యాలయం. నాకు కొండలెక్కడమంటే ప్రాణం. ఇంట్లోవాళ్లేమో "చదువుకు వెళ్తున్నావా, విహారానికా?" అని నిలదీస్తున్నారు. కొండల కోసం ర్యాంకు వదులుకోవడం తెలివితక్కువతనమా?

రివెట్టు:
నిస్సందేహంగా. మొదటి రెండేళ్లూ స్టాటిక్స్, థర్మోడైనమిక్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లతోనే సరిపోతుంది. శనివారం హోంవర్కు, ఆదివారం ల్యాబ్ రిపోర్టు. కిటికీలోంచి కనిపించే కొండ ఊరించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కొండలు ఎక్కడికీ పోవు, ఉద్యోగం వచ్చాక ఎక్కండి.

గనిదీపం:
రివెట్టు గారూ, ఉద్యోగం వచ్చాక ఏడాదికి ఎన్నాళ్లు సెలవు దొరుకుతుందో మీకు తెలియనిది కాదు.

అయినా కొండలంటే విహారమేనని ఎందుకు అనుకోవాలి? 1874లో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్ పుట్టిందే ఆ కొండల్లోని గనుల కోసం. ఐడాహో స్ప్రింగ్స్‌లో దానికి ఎడ్గర్ అనే సొంత గని ఉంది. విద్యార్థులు హెల్మెట్ దీపంతో సొరంగంలోకి వెళ్లి సర్వే, డ్రిల్లింగ్, గాలి సరఫరా అక్కడే నేర్చుకుంటారు. బోజ్‌మన్‌లోని మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయంలో మంచు మీద పరిశోధనకే శీతల గదుల ప్రయోగశాల ఉంది. మైదానంలో ఇలాంటివి ఎవరు పెడతారు?

రివెట్టు:
ఆయన చేరేది మెకానికల్‌లో. గని ఎంత గొప్పదైతే ఆయనకేమిటి? బౌల్డర్ సంగతి వేరు. అక్కడి అంతరిక్ష ప్రయోగశాలలో ఉపగ్రహాలను నడిపే బృందాల్లో విద్యార్థులు కూడా పనిచేస్తారు. బౌల్డర్‌కు వెళ్తానంటే అందుకు వెళ్లమంటాను. దానికీ ఊరి పక్కనున్న రాతి కొండలకూ సంబంధం లేదు.

వాలుబాట:
మీరిద్దరూ క్యాలెండర్ సంగతి మరిచిపోయారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అక్కడ తరగతులు ఆగస్టు చివర మొదలై మే మొదట్లో ముగుస్తాయి. రాకీ పర్వతాల్లో ఎత్తైన దారుల మీద మంచు పూర్తిగా కరిగేసరికి జూన్ దాటుతుంది, ఒక్కోసారి జూలై నడిమికి వస్తుంది. అంటే శిఖరాలు ఎక్కడానికి అనువైన రోజుల్లో మీరు ఇంటర్న్‌షిప్ కోసం ఇంకో ఊళ్లో ఉంటారు. ఇంజినీరింగ్ విద్యార్థికి వేసవి ఖాళీగా ఉండదు. స్కీయింగ్ చేసేవాళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల సీజన్ అంతా సెమిస్టర్ మధ్యలోనే వస్తుంది. కాబట్టి మీరు ఎక్కేవారా, జారేవారా అన్నది ముందు తేల్చుకోండి.

ఇక దూరం. మ్యాప్‌లో గంట ప్రయాణమని కనిపించినంత మాత్రాన నమ్మకండి. కొలరాడోలో చలికాలం ఆదివారం సాయంత్రం ఐసెన్‌హోవర్ సొరంగం నుంచి డెన్వర్ వైపు ఐ-70 హైవే మీద కార్లు బారులు తీరుతాయి. సోమవారం పొద్దున క్విజ్ పెట్టుకుని ఆ వరసలో కూర్చోవడం నరకం. సెమిస్టర్‌లో అక్కరకు వచ్చేది కాలినడకన చేరగలిగే కొండే. బౌల్డర్ క్యాంపస్ నుంచి చటాక్వా దగ్గరి కాలిబాటలకు నడిచే వెళ్లవచ్చు. యూటా క్యాంపస్ వెనకే బోన్‌విల్ షోర్‌లైన్ బాట సాగుతుంది. గోల్డెన్‌లో కాలేజీని ఆనుకునే కొండ ఉంది. సాయంత్రం ల్యాబ్ ముగిశాక గంటన్నరలో పైకెక్కి దిగిరావచ్చు. నాలుగేళ్లలో మీకు దక్కేవి ఎక్కువగా ఇవే. పోస్టర్లలో కనిపించే శిఖరాలు కావు.

ఊపిరి:
సాల్ట్ లేక్ గురించి ఒక్క మాట. చలికాలంలో చల్లగాలి లోయలో చిక్కుకుని, పైన వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. పొగంతా కిందే పేరుకుపోతుంది. కొన్నాళ్లు కొండ కనిపించడం మాట అటుంచి, బయట పరుగెత్తకపోవడమే మేలు అనిపిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు సీటు ఒప్పుకునే ముందే దీని గురించి ఆలోచించాలి.

జమాఖర్చు:
ర్యాంకు కంటే ముందు ఆ డిగ్రీకి ఏబెట్ (ఇంజినీరింగ్ కోర్సుల ప్రమాణాలు పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. అమెరికాలో ఇంజినీరు లైసెన్సుకు అదే అక్కరకు వస్తుంది. మీరు చెప్పిన మూడింటిలోనూ మెకానికల్‌కు ఉంది. గుర్తింపు సమానమైనప్పుడు ర్యాంకుల తేడా కోసం అప్పు పెంచుకోవడం నాకు సమ్మతం కాదు. కొండల కోసం పెంచుకోవడమూ అంతే! నాలుగింటి ఫీజులు పక్కపక్కన రాసుకున్నారా?

శిఖరయాత్రి:
అందరికీ ధన్యవాదాలు. నేను ఎక్కేవాణ్నే, స్కీయింగ్ రాదు. వాలుబాట గారి క్యాలెండర్ లెక్క మా ఇంట్లోవాళ్ల చెవిన పడితే నా వాదన అక్కడితో సరి. ఉబ్బసం లేదు. ఫీజులు రాశాను, యూటా తక్కువ, మైన్స్ ఎక్కువ. మైన్స్‌ను పక్కన పెడుతున్నాను. ఇక ఒకటే అడగాలి: బౌల్డర్‌లో, యూటాలో రెండో ఏడాది మెకానికల్ ల్యాబులు మామూలుగా ఎన్నింటికి ముగుస్తాయి?

రివెట్టు:
చీకటి పడ్డాక. టార్చిలైటు కొనుక్కోండి.