మామయ్య హాలో బాడీ గిటార్: ఏ కంపెనీది, ఎంత పలుకుతుంది?

కొత్త తీగ:
మా మేనమామ పోయి ఏడాది దాటింది. ఆయన గది సర్దుతుంటే బీరువా వెనకాల నల్ల పెట్టె దొరికింది. లోపల గిటార్. వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ ఆకారంలో రెండు రంధ్రాలు, మధ్యలో ఎరుపు, అంచుల దగ్గర నలుపు. తీగల చప్పుడు పట్టే పికప్‌లు రెండు, బంగారు రేకు అతికించినట్టు మెరుస్తున్నాయి. కింద ఒకే వరుసలో నాలుగు నాబ్‌లు. హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే తల, మీద పేరు ఉండాల్సిన చోట అంతా గీసుకుపోయి ఏమీ కనపడటం లేదు. మామయ్య మాత్రం ఎవరడిగినా "గిబ్సన్ రా అబ్బాయ్" అనేవాడు. విషయం తెలిసి ఒకాయన వచ్చి చూశాడు. రెండు నిమిషాల్లో ఒక రేటు చెప్పి, రేపటికల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు. నాకు గిటార్ గురించి ఓనమాలు కూడా రావు. టెన్షన్‌గా ఉంది. అది మంచి రేటో కాదో ఎలా తెలుస్తుంది?

పాత బాణీ:
రేపటికల్లా చెప్పమన్నాడా? అయితే రేపు మాత్రం చెప్పకండి. ఇన్నేళ్లు బీరువా వెనక ఉన్నది ఇంకో నెల ఉంటే అరిగిపోదు.

చెక్కపని:
ముందు చేయకూడనివి చెబుతాను. తుడవొద్దు. పాలిష్ అసలే వద్దు. తుప్పు పట్టిన స్క్రూలు కొత్తవి వేయొద్దు. తీగలు బిగించి శ్రుతి చేయాలని చూడొద్దు. తీగలు వదులై ఏళ్ల తరబడి ఉన్న నెక్ (గిటార్ పొడవాటి మెడ) మీద ఒక్కసారి బరువు పడితే అతుకు విడిపోవచ్చు. నా దగ్గరికి వచ్చే పాత గిటార్లలో సగం డ్యామేజీ, దొరికిన మొదటి వారంలో ప్రేమతో చేసిందే.

ఇంకోటి. పెట్టె తెరవగానే ఘాటు వాసన, కర్పూరంలాంటిది, వచ్చిందా? వస్తే పిక్‌గార్డ్, అంటే గీతలు పడకుండా తీగల పక్కన బిగించే పలక, చూడండి. అది పాత సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్ అయి కుళ్లితే, దాని ఆవిరి పక్కనున్న లోహాన్ని కూడా తినేస్తుంది. పొడి రాలుతుంటే జాగ్రత్తగా ఊడదీసి వేరే కవర్లో పెట్టండి. పారేయొద్దు, విరిగిన ముక్కయినా ఒరిజినలే.

ఇక గుర్తింపు. ఎఫ్ రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి. నడుమ చెక్క దిమ్మ అడ్డంగా కనిపిస్తే అది సెమీ హాలో, 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 తరహా. అటువైపు రంధ్రం దాకా ఖాళీగా ఉంటే పూర్తి హాలో. బయటికి చూస్తే పోల్చుకోలేం. ఈఎస్-330 అచ్చం 335లాగే ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ. ఎపిఫోన్ క్యాసినో కూడా అంతే.

ఆరో తీగ:
ఎఫ్ రంధ్రం నిజంగా రంధ్రమేనా అని కూడా చూడండి. నవ్వొద్దు. గ్రెట్ష్ వాళ్లు కొన్ని మోడళ్లకి ఎఫ్ ఆకారం కేవలం రంగుతో గీసి వదిలేశారు. నా స్నేహితుడు టార్చి పట్టుకుని రంగు మీద పావుగంట వెతికాడు.

కొత్త తీగ:
రంధ్రాలు నిజమైనవే. లోపలంతా ఖాళీ. వాసన లేదు, పాత గుడ్డల వాసన తప్ప. కాగితం లేబుల్ ఎక్కడా లేదు. అంటే గిబ్సన్ కాదనుకోవాలా?

పాత బాణీ:
లేబుల్ లేదని కాదనలేం, ఉందని ఔననీలేం. లేబుల్ మీద నాకు నమ్మకం పోయిన కథ చెబుతాను.

చాలా ఏళ్ల కిందట నీలం లేబుల్ ఉన్న ఎపిఫోన్ ఒకటి దొరికింది. లేబుల్ మీద స్పష్టంగా "కలమజూ, మిషిగన్" అని ఉంది. గిబ్సన్ యాజమాన్యం 1957లో ఎపిఫోన్‌ను కొన్నాక, అరవైల ఎపిఫోన్లు కలమజూలో గిబ్సన్ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి కదా, పంట పండిందనుకున్నాను. అమ్మినతను కూడా అదే పాట పాడాడు. ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అదే లేబుల్ కింద చిన్న అక్షరాల్లో "జపాన్‌లో తయారైంది" అని ఉంది. డెబ్బైల మొదట్లో తయారీ జపాన్‌కి మారినా లేబుల్ మీద కలమజూ పేరు అలాగే ఉంచారు. నెక్ వెనక చూసినా తెలిసేది. అతికించింది కాదు, నాలుగు బోల్టులతో బిగించింది. పెట్టిన డబ్బుకి మూడేళ్లు కుమిలిపోయాను. గిటార్ బాగానే పలికేది, ఆ మాట వేరు.

టంకం:
లేబుల్ కన్నా పాట్‌లు నమ్మకమైనవి. అంటే నాబ్‌ల కింద ఉండే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు. అమెరికా పాట్‌ల వెనక ఒక నంబర్ కొట్టి ఉంటుంది. మొదటి మూడు అంకెలు తయారుచేసిన కంపెనీ: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్, 134 అంటే సెంట్రలాబ్. తర్వాత సంవత్సరం, చివరి రెండూ వారం. ఉదాహరణకి 1376533 అంటే సీటీఎస్, 1965, 33వ వారం. మొత్తం ఆరంకెలే ఉంటే సంవత్సరానికి ఒక్క అంకే ఇచ్చారన్నమాట, అలాంటివి సాధారణంగా యాభైలవి. పాట్‌లు మార్చి ఉండకపోతే గిటార్ ఆ తేదీకి ముందుది కాలేదు. తర్వాతిది కావచ్చు, పాట్‌లు స్టాకులో పడి ఉంటాయి కాబట్టి.

హాలో బాడీలో పాట్‌లు బయటికి తీయాలంటే ఎఫ్ రంధ్రంలోంచే తీయాలి. తీయడం తేలిక, మళ్లీ లోపలికి పంపి ఒక్కో గొట్టాన్ని దాని కన్నంలోకి ఎక్కించడం నరకం. మొదటిసారి ప్రతి పాట్‌కీ దారం కట్టకుండా లాగేసి ఆదివారమంతా పోగొట్టుకున్నాను. మీరు తీయొద్దు. పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఒక సన్నటి లైటు చాలు. వైర్లు అతికిన చోట టంకం కదపని గిటార్‌కి విలువ ఎక్కువ, అది గుర్తుంచుకోండి.

కొత్త తీగ:
అద్దం దొరికింది. నంబర్ 2146403. 214 ఏ కంపెనీ? 03 అంటే మూడో వారమేనా? ఎక్కడ వెతికినా 214 దొరకలేదు.

టంకం:
అద్దంలో చూసింది చూసినట్టు ఎడమ నుంచి కుడికి రాశారా?

కొత్త తీగ:
...అవును. 3046412. సిగ్గుగా ఉంది.

టంకం:
సిగ్గెందుకండీ, నేనూ చేశాను. స్టాక్‌పోల్, 1964, 12వ వారం. మీది అరవైల గిటారే.

చెక్కపని:
ఇప్పుడు అదే అద్దంతో వెనక పలక లోపలివైపు చూడండి. ఇంకుతో కొట్టిన ముద్రలేమైనా ఉన్నాయా? యాభైల గిబ్సన్ ఈఎస్‌లకి అక్కడ ఒక అక్షరంతో మొదలయ్యే ఫ్యాక్టరీ నంబర్ ఉంటుంది. 1952కి జెడ్, 53కి వై, అలా వెనక్కి నడుస్తూ 1961కి క్యూ. మీ పాట్‌లు 64వి కాబట్టి మీకు అది పనికిరాదు, కానీ వేరే ముద్ర ఉండొచ్చని నా అనుమానం. పికప్‌ల మీద ఆ బంగారు రేకు చూస్తే నాకు షికాగో గుర్తొస్తోంది, కలమజూ కాదు.

కొత్త తీగ:
రెండు ముద్రలున్నాయి, ఈసారి తిప్పి చదివాను. ఒకటి "ఎఫ్-64" అని, పక్కన ఇంకేవో అక్షరాలు చెదిరిపోయాయి. ఇంకోటి నాలుగంకెల నంబర్, దాన్ని ఆనుకుని "హెచ్54".

చెక్కపని:
అయిపోయింది. హార్మొనీ రాకెట్, రెండు పికప్‌ల మోడల్, 1964. హెచ్ అంటే హార్మొనీ, 54 మోడల్. ఎఫ్-64లో 64 తయారైన సంవత్సరం. ఒక పికప్ ఉంటే 53, మూడుంటే 59. హార్మొనీ షికాగో కంపెనీ. ఒకప్పుడు అమెరికాలో సంఖ్య ప్రకారం అందరికన్నా ఎక్కువ గిటార్లు చేసింది వాళ్లే. 1975లో మూతపడింది. సియర్స్ దుకాణాల వాళ్లకి సిల్వర్‌టోన్ పేరుతో కూడా చేసిచ్చేవారు, అందుకే ఒకే ఒంటికి రెండు మూడు పేర్లు కనిపిస్తాయి. పికప్‌లు ఒహాయోలోని టొలీడోలో రో-డిఆర్మండ్ వాళ్లు చేసినవి. అందరూ "గోల్డ్ ఫాయిల్" అంటారు.

కొత్త తీగ:
అంటే గిబ్సన్ కాదు. మామయ్య అబద్ధం చెప్పాడని కాదు, ఆయనకి అమ్మినవాళ్లు అలా చెప్పి ఉంటారు. మా ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. రేటు బాగా తక్కువా?

ఆరో తీగ:
గిబ్సన్ వాళ్ల పూర్తి హాలో మోడల్ ఈఎస్-175తో పోలిస్తే చాలా తక్కువ. ఒక మంచి 175 రేటుకి ఇలాంటివి చాలానే వస్తాయి. అలాగని పారేసేది కాదు. ఒకప్పుడు వీటిని అడిగే దిక్కు లేదు. తర్వాత గోల్డ్ ఫాయిల్ శబ్దానికి మోజు పెరిగింది. అమెరికా గిటారిస్టు రై కూడర్ తన స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో జపాన్ గోల్డ్ ఫాయిల్ పికప్ బిగించి వాయించడం దీనికి ఒక కారణమంటారు. ఆ మోజుతో పాటు ఒక రోగమూ వచ్చింది: పాత హార్మొనీలు కొని, పికప్‌లు ఊడబీకి విడిగా అమ్మి, ఒంటిని మూల పడేయడం. అందుకే మీవి ఒరిజినలే అయితే విలువలో పెద్ద వాటా వాటిదే.

రేటు చూసేటప్పుడు ఒక్క నియమం. అమ్మేవాళ్లు అడుగుతున్న ధర చూడొద్దు, నిజంగా అమ్ముడైన ధర చూడండి. వాయిద్యాలు అమ్మే రివర్బ్ సైట్‌లోనూ వేలం సైట్లలోనూ అమ్ముడైనవి వేరుగా కనిపిస్తాయి. అదే మోడల్, అదే కాలం, అదే కండిషన్, కనీసం ఐదారు చూసి అన్నిటికన్నా ఎక్కువనీ అన్నిటికన్నా తక్కువనీ వదిలేయండి. డీలర్ మీకిచ్చేది ఆ రేటు కాదు, బాగా తగ్గించే ఇస్తాడు. అది మోసం కాదు, బాగుచేయాలి, కొట్టు నడపాలి, కొనేవాడు దొరికేదాకా ఆగాలి.

పాత బాణీ:
కండిషన్ అన్నారు కాబట్టి. హెడ్‌స్టాక్ ఒకసారి విరిగి అతికించినదైతే, ఎంత బాగా అతికించినా రేటు సగం దాకా పడిపోతుంది. మళ్లీ రంగేసినదీ అంతే. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే నైట్రో లాకర్ అనే పాత పూత పసుపు పచ్చగా వెలుగుతుంది, కొత్తగా రంగేసిన చోటు నల్లగా మచ్చలా తేలుతుంది. మీ హెడ్‌స్టాక్ పేరు చెరిగిన చోట తప్పక వేసి చూడండి.

టంకం:
నిజంగా గిబ్సన్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. పికప్ అడుగున పాత గిబ్సన్ పికప్‌ల గుర్తయిన "పేటెంట్ అప్లైడ్ ఫర్" స్టిక్కర్ చూసి ఎగిరి గంతేయకండి, స్టిక్కర్లు ఈరోజుకీ అచ్చవుతున్నాయి. దాని తర్వాత వచ్చిన పేటెంట్ నంబర్ స్టిక్కర్‌ది ఇంకో తమాషా. దాని మీదున్న 2,737,842 అసలు పికప్ పేటెంటే కాదు, గిటారిస్టు లెస్ పాల్ టెయిల్‌పీస్‌ది, అంటే తీగలు కింద తగిలించే భాగానిది. గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ పికప్ పేటెంట్ 2,896,491. తప్పు నంబర్ ఉందని నకిలీ అనుకుని ఒకతను అసలైన పికప్ చవగ్గా అమ్మేసుకున్నాడు.

చెక్కపని:
ఇక మీ గిటార్‌కి అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష మిగిలింది, నెక్ వాలు. తీగలు ఆనే బ్రిడ్జికి అటూ ఇటూ ఉన్న చక్రాలు తిప్పి పూర్తిగా కిందికి దించినా తీగలు పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర ఎత్తుగానే ఉంటే నెక్ ముందుకు వంగిందన్నమాట. నెక్‌ను ఆవిరితో ఊడదీసి, అతుకు చెక్కి, మళ్లీ అతికించాలి. నెక్ రీసెట్ అంటారు. గిబ్సన్‌కైతే ఆలోచించకుండా చేయిస్తారు. హార్మొనీకి ఆ కూలి గిటార్ విలువలో పెద్ద భాగం తినేస్తుంది. అందుకే రీసెట్ అయినదానికీ కానిదానికీ రేటులో అంత తేడా. పాత తీగలు తీసేసి సన్నటివి వేసి, రోజుకి కొంచెం చొప్పున బిగిస్తూ మూడు నాలుగు రోజుల్లో శ్రుతికి తెండి. అప్పుడు కొలవండి.

ఆరో తీగ:
విదేశానికి అమ్మే ఆలోచన ఉంటే ఫ్రెట్‌బోర్డ్, అంటే నెక్ మీద వేళ్లు నొక్కే పలక, ఏ చెక్కదో ముందు తేల్చుకోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతరించిపోతున్న మొక్కలు, జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైట్స్‌లో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. పర్మిట్ లేకుండా సరిహద్దు దాటించి అమ్మితే సరుకు పట్టుబడుతుంది.

కొత్త తీగ:
వారం తర్వాత వస్తున్నాను. హెడ్‌స్టాక్ విరగలేదు. టార్చి వేస్తే అంతా ఒకేలా పసుపు పచ్చగా వెలిగింది, పేరున్న చోట మాత్రం ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టు చారలు. గిబ్సన్ అని చెప్పి అమ్మడానికే పేరు చెరిపి ఉంటారని ఇప్పుడు అర్థమైంది. చక్రాలు ఇంకా సగం దాకా దిగుతాయి, తీగలు ఎత్తుగా లేవు. అమ్మకి నిజం చెప్పాను. "మీ మామ చెవికి బాగుందంటే బాగున్నట్టే, పేరుదేముంది" అని ఊరుకుంది.

చెక్కపని:
రీసెట్ అక్కర్లేదు. అదృష్టవంతులు.

పాత బాణీ:
ఆ రెండు నిమిషాల ఆసామి మళ్లీ కనిపించాడా?

కొత్త తీగ:
నిన్న ఫోన్ చేశాడు. అమ్మడం లేదన్నాను. కాసేపాగి, "పోనీ పికప్‌లు మాత్రం ఇస్తారా, అదే రేటిస్తాను" అన్నాడు.

టంకం:
అదే రేటా! చూశారా.

కొత్త తీగ:
పెట్టేశాను. నేర్చుకుందామని ఉంది. ఇప్పుడున్నవి సన్నటి మామూలు తీగలు, చప్పుడు బాగా చురుగ్గా వస్తోంది. మామయ్య వాయిస్తే మెత్తగా ఉండేది. ఏ తీగలు వేయాలి?

పాత బాణీ:
ఫ్లాట్‌వౌండ్, అంటే నున్నటి చుట్టున్న తీగలు, వేయండి, మందం 11తో (అంగుళంలో వెయ్యో వంతులు) మొదలయ్యే సెట్. టోన్ నాబ్ సగానికి తగ్గించండి. మూడో తీగకి కూడా చుట్టు ఉన్న సెట్టే అడగండి, లేకపోతే చెక్క బ్రిడ్జి మీద అదొక్కటే శ్రుతి తప్పుతూ విసిగిస్తుంది.