60–0ని "ఏకగ్రీవం" అనొచ్చా?

ప్రశ్న: మారిషస్ స్థానిక ఎన్నికల మీద మా సంఘం పత్రికకు వ్యాసం రాస్తున్నాను. 2024 నవంబరు సార్వత్రిక ఎన్నికల ఫలితాన్ని అక్కడివాళ్లు "స్వాసాంత్ జెరో" అంటారు, అంటే 60–0: ప్రధాన ద్వీపంలోని 60 సీట్లూ ఒకే కూటమికి. నేను "ఏకగ్రీవ విజయం" అని రాస్తే సంపాదకులు కొట్టేశారు. తప్పేంటి?

జవాబు: అమ్మా, కొట్టేయడమే సరైనది. గ్రీవం అంటే మెడ, కంఠం. సుగ్రీవుడు, దశగ్రీవుడు అన్న పేర్లలో ఉన్నది ఇదే. అందరిదీ ఒకే కంఠమైతే ఏకగ్రీవం. మన పంచాయతీల్లో నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక ఒక్కరే మిగిలితే ఆ మాట వాడతాం. అక్కడ పోలింగే ఉండదు.

మారిషస్‌లో పోటీ గట్టిగానే ఉంది. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, ఓటరుకు మూడు ఓట్లు. మూడూ ఒకే కూటమికి వేసేవాళ్లు ఎక్కువైతే మూడు సీట్లూ అటే పోతాయి. 1982, 1995, 2024లలో 60కి 60 వచ్చింది ఇలాగే. 2024లో ఓడిన కూటమికి నాలుగో వంతుకు పైగా ఓట్లు పడ్డాయి. లైన్లో నిలబడి ఓటేసిన అంతమందికి గొంతే లేదన్నట్టు రాయడం నాకు బాధగా ఉంటుంది.

మరొకరు: "ఊడ్చేశారు" అనండి. ఓడినవాళ్ల వైపు నుంచైతే "తుడిచిపెట్టుకుపోయారు". క్లీన్ స్వీప్ కన్నా మన చీపురే బాగుంది. అక్కడ కూడా మనలాగే పార్టీని గుర్తుతో పిలుస్తారు: అక్కడి పార్టీల్లో లేబర్‌ది తాళంచెవి, ఎంఎంఎంది హృదయం, ఎంఎస్ఎంది సూర్యుడు.

ప్రశ్న అడిగినవారు: సంతోషం అండీ. మరి "బెస్ట్ లూజర్"? ఓడినవాళ్లలో కొందరికి, సామాజిక వర్గాల ప్రాతినిధ్యం చూసి, పార్లమెంటులో ఇచ్చే సీట్లు. గరిష్ఠంగా 8. "ఉత్తమ పరాజితుడు" అని రాశాను.

జవాబు: అది బహుమతి ప్రదానంలా వినిపిస్తోంది. ఏ వర్గం జనాభా ఎంతన్న లెక్కకు ఇప్పటికీ 1972 జనగణనే ఆధారం, అందులో తెలుగువాళ్లు హిందువుల కిందే వస్తారు. కాబట్టి ఓట్ల వరుస ఒక్కటే కాదు, వర్గం కూడా చూస్తారు. "సర్దుబాటు సీటు" అంటే అర్థం చక్కగా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: "పదేళ్ల తర్వాత, 2025 మే 4న 5 మున్సిపాలిటీలకు ఎన్నికలు జరిగాయి. ఆరు నెలల కిందటే ద్వీపమంతా ఊడ్చేసిన కూటమి మళ్లీ బరిలోకి దిగింది."