పది సీట్ల కంట్రోల్ రూమ్: వీడియో వాల్, తలుపు, యూపీఎస్. ఈ లేఅవుట్‌లో తప్పులు చెప్పండి

కొత్తసైట్:
హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఒక బిల్డింగ్ 4వ అంతస్తులో 24 గంటలూ నడిచే ఆపరేషన్స్ సెంటర్ వేస్తున్నాం. గది 9 మీ. వెడల్పు, 8 మీ. లోతు. పడమర పక్కంతా అద్దం. బీమ్ కింద ఎత్తు 3.3 మీ. ఉత్తరం గోడకి 55 అంగుళాల ప్యానెళ్లు 4×2 (ఇదే వీడియో వాల్), దానికి ఎదురుగా రెండు వరుసల్లో 5+5 సీట్లు. ఒక్కొక్కరికి పీసీ, మూడు 27 అంగుళాల మానిటర్లు. ఆర్కిటెక్ట్ ఇచ్చినవి: 30 సెం.మీ. ఫాల్స్ ఫ్లోర్ (కింద కేబుళ్లు పోయేలా ఎత్తు లేపిన నేల), వేలిముద్ర + కార్డుతో ఒక తలుపు, 10 కేవీఏ యూపీఎస్‌లు రెండు, 5.5 టన్నుల ఏసీ ఒకటి. పక్క గదిలో 4 కిలోవాట్లు తీసుకునే సర్వర్ ర్యాకు. వచ్చే వారం పని మొదలు. ఇప్పుడే మార్చాల్సినవి ఏమిటి?

కేబుల్‌ట్రే:
ముందు సీట్ల సంగతి. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 61 సెం.మీ. మూడు పెడితే బల్ల 1.8 మీ. ఉండాలి. ఐదు బల్లలంటే 9 మీటర్లు, అంటే గోడ నుంచి గోడకి. మనుషులు ఎటు నుంచి వెళ్తారండీ? మూడు మానిటర్లు తప్పవంటే వరుసకు నలుగురే. రెండుతో సరిపెట్టుకుంటే 1.5 మీ. బల్లలతో ఐదుగురు పడతారు కానీ అటూ ఇటూ 75 సెం.మీ. దారే మిగులుతుంది. నేనైతే 4+4 వేస్తాను.

రెండోది ఎత్తుల లెక్క. దీన్ని ఎవరూ కాగితం మీద వెయ్యరు, ప్యానెళ్లు బిగించాక తెలుస్తుంది. కూర్చున్నవారి కన్ను నేల నుంచి సుమారు 1.2 మీ., తల పైభాగం 1.3 మీ. ముందు వరుస వాల్‌కి 3.5 మీ. దూరంలో, వెనక వరుస 5.7 మీ. దూరంలో ఉందనుకోండి. నేల సమంగా ఉంటే వెనకవాళ్ల చూపు ముందువాళ్ల తల మీదుగా పోయి గోడని 1.46 మీ. దగ్గర తాకుతుంది. ఆ కింద ఉన్నదేదీ వాళ్లకి కనపడదు. వెనక వరుస కింద 15 సెం.మీ. ప్లాట్‌ఫామ్ వేస్తే అది 1.22 మీటర్లకి దిగుతుంది. కాబట్టి వాల్ కింది అంచు 1.25 మీ. దగ్గర పెట్టుకోవచ్చు. మానిటర్ పై అంచు మాత్రం కంటికంటే ఓ 5 సెం.మీ. కిందే ఉండాలి, ఒకదాని మీద ఒకటి పేర్చడం వద్దు. ప్లాట్‌ఫామ్‌కి ర్యాంపు 1:12 వాలున 1.8 మీ. పొడవు పడుతుంది, దాని చోటు ఇప్పుడే వదలండి.

ఒక్కో ప్యానెల్ ఎత్తు 68 సెం.మీ., రెండు వరుసలు 1.36 మీ. పై అంచు 2.61 మీ. దగ్గరికి వస్తుంది. మీ 3.3 లోంచి ఫాల్స్ ఫ్లోర్ 30 సెం.మీ., డక్టుకీ సీలింగ్‌కీ 35 సెం.మీ. తీసేస్తే మిగిలేది 2.65. నాలుగు సెంటీమీటర్ల సందులో ప్యానెల్ బయటికి లాగి సర్వీస్ చెయ్యడం నరకం. గాలి పైనుంచే వస్తోంది కాబట్టి ఫ్లోర్ కింద కేబుళ్లు తప్ప ఏమీ ఉండవు, 15 సెం.మీ. చాలు.

వెనక వరుసకి వాల్ మీద అక్షరం కనీసం 28 మి.మీ. ఎత్తుండాలి (దూరాన్ని 200తో భాగించండి). 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌లో అది దాదాపు 45 పిక్సెళ్లు. ఎక్సెల్ షీట్ తెచ్చి వాల్ మీద పెడితే అలంకారానికే.

ఏబీఫీడ్:
కరెంటు విషయం. పది మందికే లెక్కేస్తున్నా: బల్లలు 2.5 కి.వా., వాల్ 1.5, ర్యాకు 4, తలుపులూ కెమెరాలూ ఎమర్జెన్సీ లైట్లూ 0.5. మొత్తం 8.5. మీ 10 కేవీఏ యూపీఎస్ 0.9 పవర్ ఫ్యాక్టర్‌కి (కేవీఏలో నిజంగా వాడుకోగలిగే వంతు) ఇచ్చేది 9 కి.వా. రెండు ఉన్నాయి కదా, సగం సగం పంచుదాం అంటారు. తర్వాత ఇంకో ర్యాకు వస్తుంది, ఒక్కోదాని మీద 60 శాతం పడుతుంది. ఒకటి పోగానే రెండోదాని మీద 120 పడి అదీ పడిపోతుంది. రిడండెన్సీ అంటే ఒక్కటే మొత్తం మోయాలి. 15 కేవీఏ చొప్పున రెండు తీసుకోండి. పీసీలకి పవర్ సప్లై ఒక్కటే ఉంటుంది కనక పక్కపక్క బల్లల్ని వేర్వేరు యూపీఎస్‌లకి ఇవ్వండి, అప్పుడు వరుస మొత్తం ఒకేసారి చీకటవదు.

బ్యాటరీలు ఉండే చోట 25 డిగ్రీలు దాటనివ్వకండి. ప్రతి 10 డిగ్రీలకీ సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. వాటి బరువు స్లాబు మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత రాయించుకోండి.

జనరేటర్, ఏఎంఎఫ్ ప్యానెల్ (కరెంటు పోగానే జనరేటర్‌ని దానంతటదే స్టార్ట్ చేసేది) సెల్లార్‌లో ఉంటే బిల్డింగ్ వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి. 2020 అక్టోబరు వానలకి ఈ ఊళ్లో ఎన్ని సెల్లార్లు నిండాయో గుర్తుంది కదా. కనీసం ప్యానెల్ అయినా ఎత్తు దిమ్మె మీద ఉండాలి. ఇంటర్నెట్ కూడా అంతే: రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకుని, రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తే అది ఒక్క కనెక్షనే.

ఏసీ: మనుషులూ మెషీన్లూ లైట్లూ కలిపి 5.8 కి.వా., అంటే 1.7 టన్నులే. బయటి గాలీ పడమటి ఎండా కలుపుకుంటే మూడు దాకా వస్తుంది, అదీ అద్దానికి ఫిల్మ్ వేస్తేనే. 5.5 టన్నులది ఒక్కటి పెడితే ఊరికే ఆన్ ఆఫ్ అవుతుంది, వానాకాలంలో తేమ లాగదు, చెడిపోతే రెండోది లేదు. 3 టన్నులవి రెండు. క్యాసెట్ యూనిట్ గానీ డ్రెయిన్ పైపు గానీ బల్లల మీదా ర్యాకు మీదా రాకూడదు. ర్యాకు గదికి విడిగా 2 టన్నులవి రెండు, వంతులవారీగా నడిచేలా.

రాత్రిడ్యూటీ:
వేలిముద్ర గురించి అందరూ మాట్లాడతారు, వెనకే దూరే మనిషి గురించి మాట్లాడరు. ఒక్క తలుపుంటే ఒకరు వేలు పెడతారు, ముగ్గురు లోపలికొస్తారు. రెండు తలుపుల మధ్య చిన్న గది కట్టి, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకునేలా ఇంటర్‌లాక్ పెట్టండి. యాంటీ పాస్‌బ్యాక్ (లోపలికొచ్చిన కార్డు బయటికెళ్లకుండా మళ్లీ లోపలికి పనిచెయ్యకపోవడం) ఆన్ చెయ్యండి.

కానీ ఫైర్ అలారం మోగితే ఆ రెండు తలుపుల లాక్‌లూ ఊడిపోవాలి. ఫైర్ ప్యానెల్ కాంటాక్టు నేరుగా మ్యాగ్నెటిక్ లాక్‌ల కరెంటుని తెంచాలి, యాక్సెస్ సాఫ్ట్‌వేర్ గుండా పోకూడదు. కంట్రోలర్ హ్యాంగ్ అయితే జనం లోపలే ఇరుక్కుంటారు. ఎదురు మూలన పానిక్ బార్ (నెడితే చాలు తెరుచుకునే అడ్డ కడ్డీ) ఉన్న ఇంకో తలుపు విడిగా తప్పనిసరి, తెరిస్తే అలారం మోగేలా.

బాత్రూమూ టీ కౌంటరూ ఇంటర్‌లాక్‌లోని రెండో తలుపుకి లోపలే ఉండాలి. లేకపోతే మూడో రోజుకి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టేస్తారు.

కొత్తసైట్:
4+4కి ఒప్పుకున్నాం, ఫ్లోర్ 15 సెం.మీ.కి తగ్గించాం. కారిడార్ వైపు విజిటర్లు చూడ్డానికి గాజు గోడ కావాలని మేనేజ్‌మెంట్ పట్టుబడుతోంది. కెమెరా లోపల ఎక్కడ పెట్టాలి?

రాత్రిడ్యూటీ:
గాజు పెట్టండి, కరెంటు ఆపితే తెల్లబడే రకం. స్విచ్ లోపల షిఫ్ట్ లీడ్ చేతిలో ఉండాలి. వాల్‌కి ఎదురు గోడ మాత్రం గాజు వద్దు, ఫోన్‌తో ఒక్క ఫోటో చాలు. కెమెరాలు తలుపుల్నీ మనుషుల్నీ చూడాలి కానీ కీబోర్డునీ మానిటర్నీ కాదు, అంటే వాల్ పక్క మూలల నుంచి సీట్ల ముఖాల వైపు.

ఇంకోటి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) ఎన్‌టీపీ సర్వర్లతో, అంటే నెట్‌వర్క్ మీద సరైన టైమ్ ఇచ్చేవాటితో కలపాలి. తలుపు కంట్రోలర్‌నీ కెమెరా రికార్డర్‌నీ కూడా అదే టైమ్‌కి కలపండి. ఆ రెంటినీ సాధారణంగా మర్చిపోతారు, తర్వాత తలుపు లాగ్‌కీ వీడియోకీ ఏడు నిమిషాల తేడా వచ్చి ఏదీ రుజువుకి పనికిరాదు.