కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంటే రాత్రిపూట గిన్నె తీసేయొచ్చా?

చిన్ని వాళ్లమ్మ, హన్మకొండ:
మా చిన్ని లాబ్రడార్. ఏడేళ్లు, 28 కిలోలు. పదిహేను రోజులుగా గిన్నె నింపడమే ఆలస్యం, ఖాళీ చేసేస్తోంది. రాత్రి రెండుసార్లు హాల్లోనే పోసేస్తోంది, ఇంతకుముందు ఎన్నడూ లేదు. ఎనిమిది దాటాక నీళ్లు పెట్టొద్దని మా మామయ్య అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

గోదావరిఖని పాతకాపు:
మీ మామయ్య మాటే కరెక్టమ్మా. ముప్పై ఏళ్లుగా కుక్కల్ని సాకుతున్నాను. మన ఎండలకు మనుషులమే బిందెలు ఖాళీ చేస్తున్నాం, బొచ్చున్న జీవం తాగదా? గిన్నె తీసేయండి, నాలుగు రోజుల్లో అదే అలవాటవుతుంది. ప్రతిదానికీ డాక్టరంటే జేబుకు చిల్లే.

మామునూరు స్టూడెంట్:
(వెటర్నరీ చదువుతున్నాను, ఇంకా డాక్టర్‌ను కాదు.) అన్నా, ఎండకు తాగిన నీళ్లు చాలావరకు వగర్చడంలోనే పోతాయి. ఇక్కడ తాగడం, పోయడం రెండూ పెరిగాయి. ఇలాంటప్పుడు ఎక్కువసార్లు మూత్రమే ముందు పెరుగుతుంది. కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేకపోతే, పోయిందాన్ని నింపుకోవడానికి కుక్క తాగుతుంది. గిన్నె తీసేస్తే మూత్రం ఆగదు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది.
అక్కా, ముందు కొలవండి. లీటరు సీసాతో లెక్కపెట్టి పోయండి, మర్నాడు అదే టైముకు మిగిలింది తీసేసి చూడండి. రోజుకు కిలో బరువుకు 50-60 మిల్లీలీటర్లు మామూలు. 100 దాటితే, అంటే చిన్నికి 2.8 లీటర్లు దాటితే, చూపించాల్సిందే. బాత్రూం బకెట్, కూలర్ ట్రే దానికి అందకుండా చేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

కాజీపేట నుంచి:
తిండి ఏమైనా మార్చారా? పెరుగన్నం మాన్పించి ప్యాకెట్ ఫుడ్ మొదలుపెట్టినప్పుడు మావాడూ ఇలాగే తాగాడు. ఆ గింజల్లో తేమ పదో వంతే. ఇంకోటి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? చేయించకపోతే, హీటుకొచ్చిన నెలా రెండు నెలల్లోపు ఇలా తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. మా పక్కింటి కుక్కకు చీము బయటికే రాలేదు. దాహం, తిండి మానేయడం, అంతే కనిపించాయి. అదే అయితే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

చిన్ని వాళ్లమ్మ, హన్మకొండ:
కొలిచాను. 3.9 లీటర్లు! ఆపరేషన్ మూడేళ్ల కిందే అయింది. తిండి కూడా మార్చలేదు, కాకపోతే ఈ మధ్య ఎంత పెట్టినా ఇంకా కావాలంటోంది.

మామునూరు స్టూడెంట్:
మందులేమైనా వేస్తున్నారా?

చిన్ని వాళ్లమ్మ, హన్మకొండ:
దురదకు మాత్రలు. పోయిన ఏడాది డాక్టర్ ఐదు రోజులకు రాశారు. మళ్లీ దురద మొదలైతే మావారు అదే చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చారు. మూడు వారాలుగా వేస్తున్నాం. ఇప్పుడు డబ్బా చూస్తే ప్రెడ్నిసొలోన్ అని ఉంది.

మామునూరు స్టూడెంట్:
అది స్టెరాయిడ్. దాహం, మూత్రం, ఆకలి మూడూ పెంచుతుంది. కానీ భయపడి ఈ రాత్రే ఆపేయకండి. మూడు వారాలు వేశాక ఒళ్లు తన హార్మోన్ తాను తయారుచేసుకోవడం తగ్గించి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం రావచ్చు. డోసు ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. అలాగని మాత్రల వల్లే అని తేల్చేయలేం. షుగర్, కిడ్నీ టెస్టులు చేయించండి. పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లండి.

గోదావరిఖని పాతకాపు:
టెస్టులన్నీ చేయించాక మాత్రల వల్లే అని తేలితే ఆ డబ్బులు ఎవరిస్తారు తమ్ముడూ?
అయినా... మా రాజు చనిపోయే ముందు ఇలాగే తాగాడు. వేడి అనుకున్నాం. అది డిసెంబరు నెల.

చిన్ని వాళ్లమ్మ, హన్మకొండ:
రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నాను. గిన్నె తీయలేదు, హాల్లో పాత దుప్పటి పరిచాను. మూత్రం పట్టేదెలా? సీసా చూస్తే పారిపోతుంది.

గోదావరిఖని పాతకాపు:
పొడుగు కాడ గరిటె తీసుకోమ్మా. అది కూర్చున్నాక వెనక నుంచి పెట్టు, ముందే పెడితే లేచిపోతుంది. ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి తేవద్దు.