వెండితెర నవలకు ఫ్లెమింగ్ కొలబద్ద వర్తిస్తుందా?

అలమర

జేమ్స్ బాండ్ సినిమాల ఆధారంగా వెలువడిన నవలలను ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన మూల నవలల పక్కన పెట్టి బేరీజు వేయడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న. ప్రశ్న గాలిలో తేలిపోకుండా ఒక పుస్తకాన్నే తీసుకుందాం.

ఫ్లెమింగ్ 1962లో ‘ది స్పై హూ లవ్డ్ మి’ అనే నవల రాశారు. అందులో కథ చెప్పేది వివియన్ మిషెల్ అనే కెనడా యువతి. అమెరికాలోని అడిరాండాక్ కొండల్లో ఒక నిర్మానుష్యమైన మోటెల్‌లో ఆమె ఇద్దరు ముఠా మనుషుల చేతికి చిక్కుతుంది. బాండ్ వచ్చేసరికి పుస్తకంలో మూడింట రెండు వంతులు అయిపోతుంది. ఈ ప్రయోగం విమర్శకులకు నచ్చలేదు, రచయితకూ తృప్తినివ్వలేదు. అందుకే ఆయన సినిమా వారికి పేరు మాత్రమే ఇచ్చి, కథను ముట్టుకోవద్దని షరతు పెట్టారు. ఆ కారణంగా 1977లో లూయిస్ గిల్బర్ట్ తీసిన చిత్రానికి అణు జలాంతర్గాములను మింగే ట్యాంకర్ ఓడ, దాని యజమాని స్ట్రామ్‌బెర్గ్, చేతులు కలిపిన బ్రిటిష్, సోవియట్ గూఢచారులు అంటూ పూర్తిగా కొత్త కథ అల్లవలసి వచ్చింది. అంతకుముందు బాండ్ సినిమా వచ్చినప్పుడల్లా ఫ్లెమింగ్ నవలకే కొత్త అట్ట వేసి అమ్మేవారు. ఈసారి ఆ వీలు లేకపోవడంతో చిత్ర రచయితలలో ఒకరైన క్రిస్టఫర్ వుడ్ చేత నవల రాయించి, పాత పుస్తకంతో పొరబడకుండా పేరుకు ముందు ‘జేమ్స్ బాండ్’ అని చేర్చారు.

ఈ నవలను ఫ్లెమింగ్ కొలబద్దతోనే కొలవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ పోలికను వుడ్ స్వయంగా పిలిచి పీట వేశారు. సినిమాలో సోవియట్ పక్షాన ఉన్నది కేజీబీ జనరల్ గోగోల్. నవలలో ఉన్నది స్మెర్ష్ అనే సోవియట్ ప్రతిగూఢచార సంస్థ, దాని అధిపతిగా ‘ఫ్రమ్ రష్యా, విత్ లవ్’ నుంచి తెచ్చిన నికితిన్. చరిత్రలో స్మెర్ష్ 1943 నుంచి 1946 వరకే ఉంది. ఫ్లెమింగ్ కూడా ‘థండర్‌బాల్’ నాటికి దానిని రద్దయిన సంస్థగానే చూపారు. అటువంటి సంస్థను 1977లో మళ్ళీ బ్రతికించడం సినిమా ప్రేక్షకుల కోసం కాదు గదా!

రీలు నంబర్ 7

అలమర గారు, మీ వాదనతో నేను ఏకీభవించలేను. వెండితెర నవల అనేది పురమాయిస్తే రాసేది. రచయిత చేతికి స్క్రిప్టు ఇస్తారు, గడువు ఇస్తారు, పుస్తకం సినిమాతో పాటు బజారులోకి రావాలంటారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి వెండితెర నవలలు చదివిన మనకు ఈ ప్రక్రియ కొత్తది కాదు. ఆ పుస్తకాలను మనం సినిమా పక్కన పెట్టి చూశామే తప్ప గొప్ప నవలల పక్కన పెట్టి మార్కులు తగ్గించలేదు.

వుడ్‌కు దొరికిన ముడిసరుకు ఏమిటి? రోజర్ మూర్ కనుబొమ్మ ఎగరేసి చమత్కారాలు విసిరే సినిమా. దాని నుంచి ఆయన నవ్వులాటను చాలా వరకు తీసేసి, గంభీరంగా చదవదగిన పుస్తకం తయారు చేశారు. రాబర్ట్ మార్కమ్ అన్న కలం పేరుతో 1968లో ‘కర్నల్ సన్’ అనే బాండ్ నవల రాసిన కింగ్స్‌లీ ఏమిస్ కూడా, స్క్రిప్టులోని వెర్రి యంత్రాలను, వెర్రి జోకులను వుడ్ వదిలేశారని గుర్తించి మెచ్చుకున్నారు. స్క్రిప్టు కంటే పుస్తకం మెరుగైందా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న. మెరుగైంది. అక్కడితో తీర్పు ముగిసింది.

అలమర

ఏమిస్ ఎందుకు మెచ్చుకున్నారో ఒక్కసారి ఆలోచించండి. హాస్యంగా నడిచే సినిమాను ఫ్లెమింగ్ తరహా గంభీరమైన నవలగా మార్చడం కష్టమైన పని అని, వుడ్ దానికి తలపడ్డారని ఆయన మెప్పు. మీరు సాక్ష్యానికి పిలిచిన మనిషి కూడా నా కొలబద్దనే పట్టుకొచ్చారు.

తీరిక పాఠకురాలు

కొలబద్ద ఏదో తేల్చుకునే ముందు రెండు పుస్తకాలలోనూ ఒకే రకమైన పని చేసే రెండు చోట్లను దగ్గరగా చూడమని కోరుతున్నాను.

మొదటిది 1957 నాటి ‘ఫ్రమ్ రష్యా, విత్ లవ్’ ఆరంభం. ఈతకొలను పక్కన ఒక మనిషి బట్టలు లేకుండా బోర్లా పడుకుని ఉంటాడు. అతని వీపు మీద ఒక తూనీగ ఆడుతుంటుంది. అతని ముఖం మనకు కనిపించకముందే ఫ్లెమింగ్ అతని తల పక్కన గడ్డిలో ఉన్న వస్తువులను ఒక్కొక్కటే చూపిస్తారు: నోట్లు పెట్టుకునే బంగారు క్లిప్పు, డన్‌హిల్ సిగరెట్ లైటర్, బంగారు సిగరెట్ పెట్టె, ఒక వోడ్‌హౌస్ నవల, ఖరీదైన చేతిగడియారం. ఆ గడియారంలో తేదీ మాత్రమే కాక చంద్రకళ కూడా కనిపిస్తుంది. చంద్రుడు ముప్పాతిక వంతు నిండి ఉన్నాడని ఫ్లెమింగ్ చెప్పి ముందుకు సాగిపోతారు. డబ్బున్నవాడి విలాస వస్తువని మనం కూడా దానిని దాటేస్తాం. ఆ మనిషి గ్రాంట్ అనే హంతకుడని, పౌర్ణమి దగ్గరపడితే అతనికి చంపాలన్న పూనకం వస్తుందని కొంత దూరం పోయాక తెలుస్తుంది. అప్పుడు ఆ గడియారం గుర్తుకొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. అతనికి మర్దన చేస్తున్న అమ్మాయికి ఆ శరీరం అంటే ఎందుకు రోత కలుగుతోందో ఆమెకే తెలియదు. పాఠకుడికి మాత్రం కారణం తెలిసిపోతుంది.

రెండవది వుడ్ నవలలో స్ట్రామ్‌బెర్గ్ అనుచరుడైన ఉక్కు పళ్ళ జాస్ పరిచయం. సినిమాలో అతను ఎక్కడివాడో, ఆ పళ్ళు ఎలా వచ్చాయో ఎవరూ చెప్పరు. వుడ్ అతనికి ఒక పోలిష్ పేరు పెట్టి, తండ్రి సర్కస్ వస్తాదు, తల్లి క్రాకోలో ఆడవాళ్ళ జైలు అధికారిణి అని చెప్పి, పోలీసుల దెబ్బలకు దవడ నుజ్జయిన తరువాత స్ట్రామ్‌బెర్గ్ వైద్యుల చేత ఉక్కు దవడ పెట్టించాడని, దాని మూలంగానే మాట పోయిందని వివరిస్తారు. ఫ్లెమింగ్ అభిమానులకు ఇది వెంటనే తగులుతుంది, ఎందుకంటే గ్రాంట్ కూడా ఒక జర్మన్ వస్తాదుకు, ఒక ఐరిష్ హోటల్ పనిమనిషికి పుట్టినవాడే. ఇది అనుకరణ అని నేను తప్పుపట్టడం లేదు, పైగా చదవడానికి చాలా బాగుంది. అయితే ఈ జీవిత చరిత్ర తరువాతి కథలో ఎక్కడా పనికిరాదు. జాస్ తల్లి జైలు అధికారిణి కాక పంతులమ్మ అయినా ట్యాంకర్ ఓడలో జరగవలసినది అలాగే జరుగుతుంది. గ్రాంట్ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి వుడ్ లోపం వాక్యంలో లేదని నా నమ్మకం. కథ గొలుసు ముందే బిగిసిపోయింది. ఆయన లింకుల మీద నగిషీ చెక్కగలిగారు, లింకును మార్చలేకపోయారు. స్మెర్ష్ వారు బాండ్‌ను పట్టుకుని హింసించే ఘట్టం కూడా ఇటువంటిదే. సినిమాలో లేని ఆ సన్నివేశం చదువుతుంటే 1953 నాటి ‘కసీనో రోయాల్’ గుర్తుకు రాక మానదు. అక్కడ విలన్ ల షీఫ్ర్ చేతిలో పడిన దెబ్బల తరువాత బాండ్ వారాల తరబడి ఆసుపత్రిలో పడి ఉంటాడు, మంచి చెడుల గురించి ఫ్రెంచ్ గూఢచారి మథిస్‌తో వాదిస్తాడు, ఉద్యోగం మానేద్దామనుకుంటాడు, తనతో పనిచేసిన వెస్పర్‌ను పెళ్ళాడాలనుకుంటాడు. పుస్తకం చివరి భాగం అంతా ఆ హింస నుంచే పుడుతుంది. వుడ్ బాండ్‌కు మాత్రం మంచాన పడే తీరిక ఉండదు, ఎందుకంటే సినిమాలోని తరువాతి సన్నివేశం అతని కోసం కాచుకుని ఉంటుంది.

విశాఖ పాత పుస్తకాలు

చర్చ బాగుంది కాని, ఇద్దరూ ‘మూల నవల’ అన్న మాటను మరీ తేలికగా వాడుతున్నారు. 1961లో వచ్చిన ‘థండర్‌బాల్’ ఎక్కడి నుంచి పుట్టింది? ఫ్లెమింగ్, కెవిన్ మెక్‌క్లోరీ, జాక్ విటింగ్‌హామ్ కలిసి ఒక సినిమా కోసం కథ, స్క్రిప్టు తయారు చేశారు. ఆ సినిమా పట్టాలెక్కలేదు. ఫ్లెమింగ్ ఆ కథను, మిగతా ఇద్దరి పేర్లు లేకుండా, తన నవలగా అచ్చు వేశారు. వారు కోర్టుకెక్కారు, 1963లో రాజీ కుదిరింది, తరువాతి ముద్రణలలో నవలకు మూలం ముగ్గురూ కలిసి రాసిన చిత్రకథ అని వేయవలసి వచ్చింది. జమైకా నేపథ్యంలో తలపెట్టిన ఒక టీవీ ధారావాహిక కథ 1958లో ‘డాక్టర్ నో’ అయింది. ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ సంపుటిలోని కొన్ని కథలు కూడా టీవీ కోసం అనుకున్నవే.

అంటే వెండితెర నవల రాసినవారిలో ఫ్లెమింగ్ కూడా ఉన్నారన్న మాట. ఒకరిది సాహిత్యం, మరొకరిది కూలి రాత అని ముందే గీత గీసేస్తే ఆ గీత ఫ్లెమింగ్ కాళ్ళ కిందుగానే పోతుంది.

రీలు నంబర్ 7

ఇంత మంచి సాక్ష్యం నాకు తట్టనందుకు అసూయగా ఉంది. పురమాయింపు రాత అని వుడ్‌ను తక్కువ చేసేవారు ‘థండర్‌బాల్’ను ఏ అరలో పెడతారో సెలవివ్వాలి.

అలమర

మూల నవలల అరలోనే పెడతాను. విశాఖ పాత పుస్తకాలు గారు చెప్పిన చరిత్ర నిజమే, మెక్‌క్లోరీకి, విటింగ్‌హామ్‌కు జరిగింది అన్యాయమే. కాని ఆ నవల వచ్చిన నాటికి సినిమా లేదు. అది తెరమీదికి వచ్చింది 1965లో, ఫ్లెమింగ్ మరణించిన మరుసటి ఏడాది. పాఠకులు ముందుగా చూసిన సన్నివేశం లేదు, ఫలానా నటుడి ముఖం లేదు, విడుదల తేదీ లేదు. దేనిని సాగదీయాలో, దేనిని తుంచాలో ఫ్లెమింగ్ ఇష్టం. ఆ స్వేచ్ఛ పుస్తకం మొదట్లోనే తెలిసిపోతుంది: రోజుకు అరవై సిగరెట్లు, అర సీసా మద్యం అంటూ బాండ్ ఆరోగ్య నివేదికను అతని పై అధికారి ‘ఎమ్’ పొడిపొడిగా చదివి వినిపిస్తుంటే కథానాయకుడు కుర్చీలో ఇబ్బందిగా కదులుతాడు. బాంబుల దొంగతనం కథకు ఆఫీసు కాగితాల భాషలో ఇంత తాపీగా శ్రీకారం చుట్టడం స్క్రిప్టుకు కట్టుబడినవాడికి సాధ్యమయ్యే పని కాదు. తీరిక పాఠకురాలు గారి గొలుసు మాటనే అరువు తెచ్చుకుంటే, ఫ్లెమింగ్ చేతిలో గొలుసు ఇంకా వేడిగా ఉంది, వంచితే వంగింది.

నైట్ డ్యూటీ

ఆలస్యంగా వచ్చాను, ఒక్క ఉదాహరణ ఇచ్చి వెళ్తాను. జాన్ గార్డ్‌నర్ 1989లో ‘లైసెన్స్ టు కిల్’ సినిమాను నవలగా రాశారు. ఆ సినిమాలో బాండ్ అమెరికన్ మిత్రుడు ఫీలిక్స్ లైటర్‌ను విలన్ సొరచేపకు వేస్తాడు. ఈ ఘట్టం ఫ్లెమింగ్ 1954 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’ నవల నుంచి తీసుకున్నదే. 1973లో ఆ నవలను సినిమాగా తీసినప్పుడు వదిలేశారు కాబట్టి మిగిలిపోయింది. సినిమా వారికి ఇబ్బంది లేదు, ఎందుకంటే వారి లైటర్‌కు కాళ్ళూ చేతులూ అప్పటి వరకు బాగానే ఉన్నాయి. గార్డ్‌నర్ మాత్రం ఫ్లెమింగ్ నవలల కొనసాగింపు రాస్తున్న రచయిత. ఆ వరసలో లైటర్‌కు చేయి, కాలు పోయి ముప్పై అయిదేళ్ళు దాటింది. అయినా స్క్రిప్టును కాదనలేక, కృత్రిమ అవయవాలతో బ్రతుకుతున్న మనిషినే మళ్ళీ సొరచేపకు అప్పగించారు. ఒకే మనిషికి జీవితంలో రెండుసార్లు అదే గతి! చదువుతుంటే బాధపడాలో నవ్వాలో తెలియదు.

రీలు నంబర్ 7

నైట్ డ్యూటీ గారు నా పక్షాన మాట్లాడారనే అనుకుంటున్నాను. ఫ్లెమింగ్‌ను పట్టించుకోకుండా సినిమానే నమ్ముకుని ఉంటే గార్డ్‌నర్‌కు ఈ తంటా వచ్చేది కాదు. మీ అందరి కొలబద్ద విమర్శకుడి చేతిలో ఉన్నంత వరకు ఫరవాలేదు, రచయిత చేతికి వెళ్ళేసరికి పుస్తకాన్ని కుంటిదాన్ని చేసింది.

తీరిక పాఠకురాలు

రీలు గారు, గార్డ్‌నర్ తంటా ఇద్దరు యజమానులకు ఒకేసారి ఊడిగం చేయబోవడం వల్ల వచ్చింది. వుడ్‌కు ఆ చిక్కు లేదు, ఎందుకంటే ‘ది స్పై హూ లవ్డ్ మి’లో ఫ్లెమింగ్ కథ నుంచి ఆయన నెత్తిన పడినది దాదాపు ఏమీ లేదు. మోటెల్‌లోని ముఠా మనుషులలో హారర్ అనే వాడి పళ్ళకు ఉక్కు తొడుగులు ఉంటాయి. కథ ముట్టుకోవద్దని షరతు పెట్టిన పుస్తకం నుంచి ఆ పళ్ళు మాత్రం ఎలాగో జారి జాస్ నోట్లోకి చేరినట్లు కనిపిస్తుంది. మిగతాదంతా వుడ్ తనంతట తాను ఎంచుకుని ఫ్లెమింగ్ దగ్గర తెచ్చుకున్న అప్పు. బలవంతాన నెత్తిన పడిన భారానికి గార్డ్‌నర్‌ను క్షమించగలను. కోరి తెచ్చుకున్న అప్పుకు మాత్రం వుడ్‌ను లెక్క అడుగుతాను. నా లెక్కలో ఆయన వడ్డీ కట్టారు, అసలు కట్టలేదు.