సమస్యాపూరణం: “విశ్వసింపు మూసరవెల్లి వేషములను”

నిర్వాహకుడు: మాట మార్చేవాడిని ఊసరవెల్లి అని తిట్టుకుంటాం. నిన్న పొద్దున ఈ పాదం తట్టినప్పటి నుంచి నాకు నిలకడ లేదు. తేటగీతి. పూరించండి.

డాలస్ డాబా: మా ఇంట్లో యెమెన్ జాతి ఊసరవెల్లి ఉంది, నెత్తిమీద కిరీటంలా ఎత్తయిన తురాయితో. దాన్ని చూస్తూ రాసిన పూరణ.

భయము గల్గిన నల్లనౌఁ, బసరు వన్నె
మనసు కుదిరిన వేళలో మరల మెఱయు,
కల్లలాడవు రంగులు గాంచు మిత్ర!
విశ్వసింపు మూసరవెల్లి వేషములను.

నిర్వాహకుడు: వేషమే నిజం పలుకుతుందన్న విరుపు అద్భుతం. అది ఆకును చూసి ఆకు రంగు, కొమ్మను చూసి కొమ్మ రంగు వేసుకుంటుందని లోకం అనుకుంటుంది. జెనీవా పరిశోధకులు 2015లో మడగాస్కర్ ఊసరవెల్లి చర్మాన్ని పరీక్షించి, కణాల్లోని సన్నని స్ఫటికాల మధ్య ఎడం మారితే రంగు మారుతుందని తేల్చారు. జీవి నెమ్మదిగా ఉంటే అవి దగ్గరగా, ఉద్రేకపడితే ఎడంగా ఉంటాయి. అభినందనలు.

పెన్నాతీరం: పద్యం నడక బాగుంది. కానీ మొదటి పాదం సగం నిజమే. పొద్దున్నే చలికి కూడా నల్లబడుతుంది, వేడి పీల్చుకోవడానికి. దాన్ని కూడా భయమేనంటారా? పోయిన నెల పూరణలో ఇదే డాబా గారు కంచె మీద తల ఊపే తొండను ఊసరవెల్లి చేసేశారు. తొండ ముదిరి ఊసరవెల్లి కావడం సామెతలోనే చెల్లుతుంది.

డాలస్ డాబా: ఆ తొండ సంగతి అప్పుడే తేలింది, మళ్ళీ తవ్వకండి. చలికి నల్లబడ్డది ఒళ్ళు పలకలా చదును చేసుకుని, పక్క వాటం దీపం వైపు తిప్పి కూర్చుంటుంది. భయపడ్డది నోరు తెరిచి, గొంతు ఉబ్బించి, కొమ్మ మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒంటి తీరు చూడకుండా రంగొక్కటే చదివితే పొరబడతాం. నాలుగు పాదాల్లో అదంతా ఎక్కడ ఇముడుతుంది?

పెన్నాతీరం: ఇముడుతుందో లేదో చూడండి. ‘ఊసరవెల్లి’ని సంబోధనగా విడదీశాను.

చేతిలో నున్న పురుగిదె చేరి తినుము,
బుస్సు మననేల? దేహమ్ము పొంగనేల?
పైనఁ దిరిగెడు గద్దనా? భయము విడిచి
విశ్వసింపు మూసరవెల్లి! వేషములను.

నిర్వాహకుడు: ఆహా! ఈ విరుపు నాకు తట్టలేదు. గద్ద మాట మరీ బాగుంది. పైనుంచి దిగే చెయ్యి దానికి రెక్కల నీడలాగే కనబడుతుంది. అందుకే గూడు మన కంటికన్నా ఎత్తున పెట్టాలి, చెయ్యి కిందినుంచి రావాలి.

డాలస్ డాబా: అది నేను రోజూ చేసే పని. కీచురాయికి కాల్షియం పొడి అద్ది, అరచేతిలో పెట్టి, కొమ్మ కింద కదలకుండా ఆపుతాను. ముందు ఒక కన్ను నా మొహం మీద, ఇంకో కన్ను పురుగు మీద ఉంటుంది. రెండు కళ్ళూ పురుగు మీదికి వచ్చాయంటే నాలుక విసురుతుంది. తరవాత ఒక్కోసారి తనంతట తానే వేలు పట్టుకుంటుంది, ముందుకాలికి ఒకవైపు రెండు వేళ్ళు, రెండోవైపు మూడు, పట్టకారు పట్టులా. దాన్ని లాగి తీసుకున్నానా, మళ్ళీ మొదటికొస్తుంది. ఇక పద్యం: ‘విడిచి’ని భయానికీ వేషాలకీ రెండింటికీ అన్వయించడం దూరాన్వయం. పైగా వేషాలు విడువుమంటే దాన్ని మాట మానెయ్యమన్నట్టే.

చింతచెట్టు నీడ: ఇద్దరూ నీళ్ళు మరిచారు.

గిన్నె నీటిని ముట్టదు, కినుక వలదు,
ఆకుపైఁ జిందు చినుకుల నందుకొనును,
దాహము దీరిన పిమ్మటఁ దనువు మెఱయు,
విశ్వసింపు మూసరవెల్లి వేషములను.

నిర్వాహకుడు: భావం కొత్తది. నిలవ నీటిని అది సాధారణంగా పట్టించుకోదు, ఆకుల మీద తుంపర చల్లాలి. మూడో పాదంలో గణభంగం. ‘దప్పి తీరిన పిమ్మటఁ’ అంటే సరి.

పెన్నాతీరం: చింతచెట్టు గారికి మూడో పాదం మీద పాత పగ ఉన్నట్టుంది. ఉగాది పూరణలో కూడా అక్కడే జారారు.

చింతచెట్టు నీడ: నా ఉగాది పూరణలో యతి మీద తప్ప గణం మీద ఎవరూ వేలు పెట్టలేదు, వెనక్కి వెళ్ళి చూసుకోండి. నాకు కావలసింది వేరు. మా ఊళ్ళో వేపచెట్టు మీద ఊసరవెల్లి కనిపిస్తే విషమని రాళ్ళేసి చంపేవారు. దానికి విషం లేదు. ఈ పద్యాలు చదివి ఎవరైనా దాన్ని పట్టి పంజరంలో పెడితే?

నిర్వాహకుడు: మంచి మాట. మన దగ్గరి ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టకూడదు, పెంచకూడదు. చెట్టు మీదే చూసి పద్యం రాయండి.

డాలస్ డాబా: అక్కడ చెట్టు మీది దానికి ఎండే చాలు. ఇక్కడ గూట్లో అతినీలలోహిత దీపం లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్ళు వంగిపోతాయి. పెంపకం ముద్దుకోసం కాదు. పెన్నాతీరం గారూ, మీ దూరాన్వయానికి నాదొక సవరణ: ‘పైనఁ దిరిగెడు గద్దనా? పారవైచి’. వేషాలకు క్రియ దొరికింది, యతి నిలిచింది.

పెన్నాతీరం: యతి నిలిచింది, భయం పోయింది. దాని భయం నాకు తెలుసునని దానికి చెప్పడానికే ఆ పద్యం. దూరాన్వయమైనా సరే, ‘భయము’ తియ్యను.