అందరికీ అందే యాప్ విలువను అంకెల్లో ఎలా చూపాలి?

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆర్థిక సంస్థ యాప్ బృందంలో పనిచేస్తున్నాను. దివ్యాంగులు కూడా వాడుకునేలా యాప్‌ను సరిదిద్దడానికి నిధులు అడిగితే, "సంస్థకు ఎంత లాభమో లెక్క చూపించండి" అన్నారు పై అధికారులు.

ఈమధ్య చూపులేని ఒక ఖాతాదారు పక్కన కూర్చుని చూశాను. డబ్బు పంపే తెరపై టాక్‌బ్యాక్ (తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఫోన్ సదుపాయం) ఆయనకు "బటన్, బటన్, బటన్" అని మాత్రమే చదివింది. ఏది పంపడానికో, ఏది రద్దుకో చెప్పలేదు. ఆయన వెతుక్కునేలోగా ఓటీపీ గడువు తీరిపోయింది. మూడోసారి కూడా అలాగే అయ్యాక ఫోను పక్కన పెట్టి, "బ్రాంచికే వెళ్తాను లెండి" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, డిజిటల్ కేవైసీపై (ఆన్‌లైన్‌లో ఖాతాదారు గుర్తింపు తనిఖీపై) 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ ఉంది. కానీ చట్టం భయంతో వచ్చే నిధులు ఒక్క ఏడాదితో ఆగిపోతాయని నా నమ్మకం. 2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. వారిలో మా ఖాతాదారులెవరో గుట్టుగా ఆరా తీయడం గోప్యతకు భంగం కాబట్టి ఆ దారి వద్దనుకున్నాను.

ప్రస్తుతం మధ్యలో ఆగిపోయిన లావాదేవీలు, కాల్ సెంటర్‌కు వచ్చే ఫిర్యాదులు, విడుదలయ్యాక లోపాలు దిద్దడానికి పట్టే గంటలు లెక్కిస్తున్నాను. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలుంటే వృద్ధులకూ మేలే. ఆ లాభాన్ని ఏ ఖాతాలో రాయాలి? లావాదేవీలు పెరిగితే అది ఈ మార్పువల్లేనని ఎలా రుజువు చేయాలి? ఇలా లెక్క చూపి యాజమాన్యాన్ని ఒప్పించినవారు ఉంటే, ఏ కొలత పనికొచ్చిందో దయచేసి చెప్పండి.